కనిపించని గాలికి పరీక్ష

మనిషి ఇల్లు కొనాలంటే ఆ ఇల్లు అతనికి నచ్చితే చాలదు; ఆ ఇంట్లోని గాలి బ్యాంకుకు నచ్చాలి. ఈ మహత్తర సత్యం రెండువేల మూడో సంవత్సరం వేసవిలో, ధవళేశ్వరంలో, కామేశం మాస్టారికి బోధపడింది.

మాస్టారు పిల్లలకు లెక్కలు చెబుతూ అద్దె ఇళ్ళలోనే సగం జీవితం గడిపారు. అమ్మిరాజు గారు అమ్మకానికి పెట్టిన డాబా ఇల్లు చూడగానే ఆయన భార్య సీతారామలక్ష్మి వంటింట్లో పప్పుల డబ్బాలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేశారు. (అసలు రిజిస్ట్రేషన్ అంటే ఇదే. తరువాతిది ప్రభుత్వ లాంఛనం.) ఆషాఢం రాకముందే గృహప్రవేశం అయిపోవాలి. లేదంటే ఇల్లు కాకినాడ రొయ్యల వ్యాపారి చేతిలో పడుతుంది.

పట్నం నుంచి కొత్తగా దిగిన బ్యాంకు అప్పు ఇస్తానంది. కాకపోతే రేడాన్ పరీక్ష జరగాలంది.

"రేడాన్ అంటే ఏంటండీ?" అన్నారు మాస్టారు.

"నేల్లోంచి వచ్చే వాయువండి. రంగుండదు, వాసనుండదు. ఊపిరితిత్తులు తినేస్తుంది," అన్నాడు బ్యాంకు వాయు పరిశీలనాధికారి శశిభూషణ్.

"మన వైపు ఎప్పుడైనా కనపడిందాండీ?"

"కనపడదనే కదండీ పరీక్ష!"

చలిదేశాల ఇళ్ళ కోసం ఎవరో రాసుకున్న నిబంధనను బ్యాంకువారు పైనున్న మంచు దులిపి ఇక్కడికి తెచ్చారు. దాని ప్రకారం పరీక్ష డబ్బాను నేలమాళిగలో పెట్టాలి. నేలమాళిగ లేకపోతే, లేదని పంచాయతీ నుంచి ధ్రువపత్రం తేవాలి.

"ఉన్నవాటికే పత్రాలిస్తామండి," అన్నాడు పంచాయతీ కార్యదర్శి. "లేనివాటికి కూడా మొదలెడితే, ఈ ఊళ్ళో లేనివి చాలా ఉన్నాయండి."

చివరికి అమ్మిరాజు పలుగు పట్టుకుని పెరట్లో గొయ్యి తవ్వి చూపించాడు. మోకాలి లోతుకే నీళ్ళు ఊరాయి. శశిభూషణ్ వాటిని అధికారికంగా తేరిపార చూసి, "ఇక్కడ నేలమాళిగ కడితే చేపలకు అద్దెకివ్వాలి" అని ఒప్పుకుని, డబ్బాను నట్టింట్లో పెట్టాడు.

ఇక రెండు రోజులు తలుపులు, కిటికీలు తెరవకూడదు. ఫ్యాను వేయకూడదు. ఇంట్లో గాలి ఉన్నచోటే ఉండాలి.

"గాలి ఆడకపోతే నాకు ఊపిరెలా ఆడుద్ది బాబూ?" అంది అమ్మిరాజు తల్లి పెద్దింట్లమ్మ.

నిబంధనల్లో ఊపిరి ప్రస్తావన లేదు. అందుకని ఆవిడ మంచంతో సహా ఇంటిల్లిపాదీ వీధిలోకి వచ్చేశారు. దారినపోయేవాళ్ళు ఆగి, "ఎవరికి బాగోలేదండీ?" అని మెల్లగా అడిగేవారు.

"ఇంటికండి," అనేవాడు అమ్మిరాజు. "పరీక్షలు రాశారు."

గడువు ముగిశాక తలుపులు తెరిచారు. డబ్బా మీద నల్లగా ఏదో పేరుకుని ఉంది. పప్పుల డబ్బాలన్నీ ఒక్కసారిగా సీతారామలక్ష్మి కళ్ళముందు నుంచి జారిపోయాయి.

శశిభూషణ్ ఆ నల్లదనాన్ని వేలితో తీసి, నలిపి, వాసన చూశాడు. అతని ముఖం వికసించింది.

"కంగారుపడకండమ్మా! ఎదురు రైస్ మిల్లు ఊక బూడిదండి. రేడాన్ కాదు."

"అన్నీ మూసేశాం కదండీ, ఎలా వచ్చింది?" అన్నారు సీతారామలక్ష్మి.

"దానికీ ఇల్లు అలవాటేనమ్మా," అంది పెద్దింట్లమ్మ. "దారి తెలుసు."

"మరి ఈ బూడిదకి పరీక్షేమీ లేదాండీ?" అన్నారు మాస్టారు, లెక్కల మనిషి కనుక.

శశిభూషణ్ ఆయన్ని జాలిగా చూశాడు. "కళ్ళకి కనపడుతోంది కదండీ మాస్టారూ. ఇంకా పరీక్షెందుకండీ?"

పరీక్ష జరిగింది కనుక, ఫలితం రాకముందే అప్పు మంజూరైంది. ఆషాఢానికి ముందే మంచి ముహూర్తాన గృహప్రవేశం జరిగింది. పాలు శుభంగా, కొంచెం బూడిదరంగులో పొంగాయి. దగ్గుతూనే అందరూ దీవించారు. ఆ మర్నాడే బ్యాంకు నుంచి పరీక్ష ఫలితం వచ్చింది. మాస్టారు దాని మీది నలుసులు ఊది, ఇంటిల్లిపాదికీ వినపడేలా చదివారు:

"ఈ ఇంట్లో కంటికి కనిపించని ప్రమాదమేదీ లేదు."