ఆపడం తెలియని యంత్రం

శనివారం ఉదయం నిద్ర లేస్తూనే అబ్నర్ పెల్ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇవాళ కుక్కతో ప్రేమగా మాట్లాడాలి.

అమెరికాలోని వర్మాంట్ కొండల్లో అబ్నర్ పంటలకన్నా ఆయన యంత్రాలకే పేరెక్కువ. మంచి పేరని కాదు. బంగాళాదుంపలు తవ్వే యంత్రం పక్కవాడి కంచె తవ్వింది. గుడ్లు ఏరే యంత్రాన్ని చూశాక కోళ్లు గుడ్లు పెట్టడమే మానేశాయి. "ఇదే ఆఖరిది," అని భార్య హెప్సీ తేల్చేసింది. "ఇదీ తుస్సుమందంటే సోమవారం నుంచి మా తమ్ముడి తోళ్ల కార్ఖానాలో పనికి పోతావు." ఆ కార్ఖానా కంపు తలచుకుంటేనే అబ్నర్‌కు గొంతులో ముద్ద దిగదు.

కుక్క చేత వెన్న చిలికించడం ఆ చుట్టుపక్కల కొత్తేమీ కాదు. ఏటవాలుగా అమర్చిన పలకల పట్టీ మీద కుక్క ఎంత నడిచినా ముందుకు పోదు. కాళ్ల కింది పట్టీయే వెనక్కి జరిగి చక్రాన్ని తిప్పుతుంది, చక్రం పీపాలో మీగడను చిలుకుతుంది. అబ్నర్ ఘనతల్లా అదే చక్రానికి బట్టలుతికే తొట్టినీ, ఆపిల్ తొక్క తీసే కత్తినీ తగిలించడం. అది నచ్చితే తన ఫ్యాక్టరీలో తయారు చేయిస్తానని థ్రాల్ అనే పెద్దమనిషి పట్నం నుంచి వస్తున్నాడు.

పెల్ వారి కుక్క పేరు జడ్జి. మంగళవారం వెన్న తీసే రోజని దానికి తెలుసు. ఆ రోజు అది ఊళ్లో ఉండదు. అందుకే అబ్నర్ తెలివిగా థ్రాల్‌ను శనివారం రమ్మన్నాడు. ఇంకో పనీ చేశాడు. పాత చెప్పు అట్ట కొట్టిన చెక్కముక్కను హెప్సీ చక్రం పక్కన మేకుతో బిగించింది. యంత్రం అందం చెడుతోందని అబ్నర్ దాన్ని పీకి కట్టెల కుప్పలో పడేశాడు.

అంతా బాగానే ఉంది కానీ, పరాయి మనిషి వస్తున్నాడు గదా అని హెప్సీ వెన్న పీపాలో సలసల కాగే నీళ్లు పోసి కడిగింది. పొయ్యి పక్కన పడుకున్న జడ్జికి ఆ ఆవిరి వాసన తగిలింది. అది లేచి, ఒళ్లు విరుచుకుని, హుందాగా బయటికి నడిచింది.

"జడ్జీ! నా తండ్రీ! మొక్కజొన్న రొట్టె పెడతా రారా!" అబ్నర్ దొడ్డంతా తిరిగాడు. దూరంగా థ్రాల్ గుర్రబ్బండి కనిపించింది.

పక్క పొలంలో చర్చి పెద్ద డీకన్ లూమిస్ పొట్టేలు మేస్తోంది. అడిగే తీరిక లేదు. అబ్నర్ దాన్ని తాడేసి లాక్కొచ్చి పట్టీ మీదికెక్కించి, ముక్కుకు అందీ అందకుండా క్యాబేజీ వేలాడగట్టాడు.

"కుక్క అన్నారు?" అన్నాడు థ్రాల్.

"పెద్ద సైజు కూడా చేశామండీ," అన్నాడు అబ్నర్.

పొట్టేలు క్యాబేజీ కోసం అడుగేసింది. క్యాబేజీ దగ్గరికి రాలేదు. దానికి ఒళ్లు మండింది. పరుగందుకుంది. చక్రం గిర్రున తిరిగింది. ఆపిల్ ఎగిరి కిటికీ పగలగొట్టింది. తొట్టిలోంచి అబ్నర్ లోపలి లాగు లేచి చెట్టు కొమ్మకు చిక్కుకుంది. పీపా మూత ఊడి మీగడంతా థ్రాల్ నెత్తిన పడింది.

"ఆపవయ్యా!"

"ఎలాగండీ?" అన్నాడు అబ్నర్ నిజాయితీగా.

థ్రాల్ తాడు పట్టుకుని పొట్టేలును ఆపబోయాడు. సరిగ్గా అప్పుడే, గోరుచుట్టు మీద రోకటిపోటులా, డీకన్ లూమిస్ గడ్డి పారతో కంచె దాటాడు. తన పొట్టేలు మెడతాడు మొహమంతా తెల్లగా ఉన్న ఎవడి చేతిలోనో ఉంది.

"దొంగ వెధవా! మొహానికి సున్నం పూసుకొచ్చావట్రా!"

"నేను ఫ్యాక్టరీ ఓనర్నయ్యా!"

"అయితే కొనుక్కోలేకపోయావా!"

డీకన్ థ్రాల్‌ను పీపా చుట్టూ తరిమాడు. ఆ కేకలకు పొట్టేలు ఇంకా జోరందుకుంది. అబ్నర్ కళ్ల ముందు తోళ్లు కనబడ్డాయి, ముక్కుకు కంపు కూడా తగిలింది. చక్రం ఇరుసు విరగబోతోంది.

హెప్సీ కట్టెల కుప్పలోంచి తన చెక్కముక్క లాక్కుని వచ్చి చక్రానికి గట్టిగా అదిమింది. చెప్పు అట్ట కుయ్యిమంది. చక్రం మెల్లగా ఆగింది. పొట్టేలు క్యాబేజీ అందుకుంది. అబ్నర్ డీకన్‌కు సంగతి చెప్పి క్షమాపణ కోరాడు.

థ్రాల్ కళ్ల మీది మీగడ తుడుచుకున్నాడు. "అమ్మా, అదేమిటి?"

"మా ఆయనకు మొదలుపెట్టడమే తెలుసండీ, ఆపడం తెలీదు. అందుకని నేనే పెట్టుకున్నా."

"మా ఫ్యాక్టరీలో చక్రాలు ఆగక నానా చావూ చస్తున్నాం. మీ వారి యంత్రం నాకొద్దు. ఈ చెక్క కావాలి. పేటెంటు మీ పేరనే రాయిద్దాం."

ఆయన బండి మలుపు తిరిగాక అబ్నర్ గొంతు సవరించుకున్నాడు. "మరి తోళ్ల కార్ఖానా?"

"అక్కర్లేదులే," అంది హెప్సీ. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "కానీ జడ్జి దొరకని రోజు ఆ పట్టీ ఎక్కి నడిచేది నువ్వే."

మంగళవారం తెల్లవారింది. హెప్సీ పీపాలో మరిగే నీళ్లు పోసింది. అబ్నర్ వంగి వంగి మొక్కజొన్న చేలోకి జారుకున్నాడు. అక్కడ ముందే పడుకుని ఉన్న జడ్జి ఆయన్ని చూసి, కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.