రాముడికి లేజర్

పెరంబూరు రైల్వే ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే జనార్దనం ఆ సోమవారం ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకని అమ్మతో చెప్పి బయలుదేరాలి. నుంగంబాక్కంలోని కళ్ళ ఆసుపత్రికి వెళ్ళి రెండు కళ్ళకూ లేజర్ చేయించుకోవాలి. సాయంత్రం ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చి కాఫీ తాగాలి. మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్త రోజులవి. ఊరికి కొత్త పేరు వచ్చినట్టే తనకూ కొత్త చూపు వస్తే చాలనుకున్నాడు.

ఆ కోరికలో సొంత సుఖం కంటే శ్రీరాముడి పాలే ఎక్కువ. వాళ్ళ వీధిలోని తెలుగువాళ్ళ భజన మందిరంలో ఏటా శ్రీరామనవమికి సీతాకల్యాణం నాటకం వేస్తారు. రాముడి వేషం తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి జనార్దనానికి వచ్చింది. వాళ్ళిద్దరికీ లేని సోడాబుడ్డి కళ్ళద్దాలు, అవి పెట్టుకున్నా సన్నవేవీ ఆనని చూపు మాత్రం అతనికి ఎక్కడి నుంచో వచ్చాయి. కళ్ళద్దాల రాముడు విల్లు విరిస్తే బాగుండదు గనుక, వాటిని తీసేసి మసక చూపుతోనే నెట్టుకొచ్చేవాడు. పోయినేడు విల్లు విరిచాక గురువుగారైన విశ్వామిత్రుడికి మొక్కబోయి, రావణుడి కాళ్ళ మీద సాష్టాంగపడ్డాడు. సభ మొత్తం నిర్ఘాంతపోయింది.

నిజానికి విల్లెత్తలేక ఓడిపోయిన రావణుడు అప్పటికే వేదిక దిగిపోయి ఉండాలి. కాని ఆ వేషం వేసే దేవరాజులు మందిరానికి ప్రెసిడెంటు. నాటకం చివర ప్రెసిడెంటుకు పూలదండ వేసి సన్మానించడం అక్కడి ఆనవాయితీ. ఆ దండ పడేదాకా ఆయన సింహాసనం మీద నుంచి లేచేవాడు కాదు.

"ఇంకో తూరి ఇట్లయితే రాముణ్ణే మార్చేస్తాను, నాయనా," అని దేవరాజులు అప్పుడే చెప్పేశాడు. "మా అల్లుడు శివరామ్ ఉండాడు. వాడికి కండ్లు రెండూ బాగుండాయి."

అందుకే లేజర్. ఆ సంగతి భార్య రాజలక్ష్మికి చెప్పాడు గాని అమ్మ చూడామణికి చెప్పలేదు. ఆమె పెదనాన్నకు ఒకప్పుడు కంటి ఆపరేషన్ వికటించి చూపు పోయింది. అప్పటి నుంచి ఆపరేషన్ అన్న మాట చెవిన పడితే చాలు, ఆమె దేవుడి గదిలో కూర్చుంటే ఇక లేవదు.

ఆసుపత్రిలో కళ్ళలో చుక్కలు వేసి మొద్దుబార్చారు. రెప్పలు మూతపడకుండా ఏదో బిగించి, పైన కనిపించే ఎర్రదీపాన్నే చూస్తూ ఉండమన్నారు. యంత్రం టకటకలాడింది. జుట్టు కాలిన వాసన వచ్చింది. జనార్దనం రామనామం మొదలుపెట్టాడు. జపం సగంలో ఉండగానే ఒక కన్ను అయిపోయిందన్నారు. మిగతా సగం రెండో కంటికి సరిపోయింది.

"ఈ పూట ఉల్లిపాయ కోసినట్టు మండుతుంది, నీళ్ళు కారతాయి. భయపడొద్దు, నిద్రపోండి," అన్నాడు డాక్టరు. "కళ్ళు నలపకూడదు. నీళ్ళు తగలకూడదు. పొగ దగ్గరికి పోకూడదు. రాత్రి ఈ ప్లాస్టిక్ మూతలు పెట్టుకోవాలి. పగలు నల్లద్దాలు. నెల రోజుల దాకా కంటికి కాటుక అంటకూడదు."

'మగవాణ్ణి, నాకు కాటుకెందుకు సార్' అనబోయి, రాముడు గుర్తొచ్చి జనార్దనం నోరు మూసుకున్నాడు.

నల్లద్దాలతో, కారుతున్న కన్నీళ్ళతో, వెనకే ఆసుపత్రికి వచ్చిన భార్య చెయ్యి పట్టుకుని ఇంటి మెట్లెక్కిన కొడుకును చూసి చూడామణి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఏందిరా ఇది? పొద్దున బాగనే పోతివి గదరా!"

జనార్దనం నోరు తెరిచేలోగా రాజలక్ష్మి అందుకుంది. "మద్రాస్ ఐ, అత్తా. ఆఫీసులో అందరికీ ఉండాదంట."

కళ్ళు ఎర్రబడి పుసులు కట్టే ఆ అంటురోగానికి ఈ ఊరి పేరే పెట్టారు. ఊరి పేరు మారినా రోగం పేరు మారలేదు. రోగి కళ్ళలోకి చూస్తేనే అంటుకుంటుందని అందరి నమ్మకం. చూడామణి వెంటనే ముఖం పక్కకు తిప్పుకుని, కొడుకును గోడకేసి చూస్తూ ఓదార్చింది.

దీపాలు పెట్టే వేళకు ఆమె వైద్యానికి దిగింది. మద్రాస్ ఐకి బాలింత చనుబాలను మించిన మందు లేదని ఆమె అనుభవం. పక్కింటి పళని భార్య నెల బాలింత. చూడామణి ఉగ్గుగిన్నె పట్టుకెళ్ళి, అడిగి తెచ్చుకుని, ముఖం పక్కకు తిప్పుకునే, నిద్రపోతున్న కొడుకు కళ్ళలో అమ్మవారిని తలుచుకుంటూ వంచింది. పాలు కంట్లోకి దిగలేదు. టపటపమని ఎక్కడో పడి రెండు చెవుల్లోకీ జారాయి. ఆమె చేత్తో తడిమి చూసింది.

"అయ్యయ్యో! బిడ్డ కండ్లకు మూతలు పెట్టేసినారే!"

రాజలక్ష్మి వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చింది. చెప్పిన అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో నిలబెట్టక తప్పలేదు. "అది కొత్త వైద్యం, అత్తా. రోగం బయటికి రాకుండా."

"మూత పెట్టేంత ముదిరిపోయిందా!" అంటూ చూడామణి ఖాళీ ఉగ్గుగిన్నెతో పళని ఇంటికి వెళ్ళి కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ పళనే మందిరం నాటకాలకు మేకప్ వేసేవాడు. రాముడి కళ్ళకు మూతలు వేశారన్న వార్త అలా దేవరాజులుకు చేరింది.

మర్నాడు పొద్దున జనార్దనం మూతలు తీసి కళ్ళు తెరిచాడు. గోడ మీద బల్లి కనిపించింది. దాని తోక కొస కూడా కనిపించింది. క్యాలెండరులోని రాముడి విల్లుకు నారి ఉందని ముప్ఫై ఏళ్ళకు మొదటిసారి తెలిసింది. ఏడుపొచ్చింది గాని, కళ్ళు నలపకూడదని డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చి ఆపుకున్నాడు.

అప్పుడే వీధిలోంచి గొంతు వినిపించింది. దేవరాజులు గుమ్మానికి వీపు పెట్టి, ఎదురింటి గోడతో మాట్లాడుతున్నాడు.

"జనార్దనం, ఏమీ అనుకోవద్దు. నవమికి రెండు వారాలే ఉండాది. ఈ తూరి రాముడు మా శివరామ్."

జనార్దనం చాప మీద నుంచి దూకినంత పని చేశాడు. "అన్నా, నాకు మద్రాస్ ఐ లేదు! లేజర్ చేయించుకొంటిని. వేషం కోసరమే!"

"నిన్న మద్రాస్ ఐ, ఇయ్యాల లేజరా? రాముడి వేషం కట్టేవాడివి, ఒక మాట మీద నిలబడరాదా?" అంటూ గోడకు నమస్కారం పెట్టి దేవరాజులు వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఉగ్గుగిన్నె కింద పడిన చప్పుడైంది. చూడామణి గుమ్మంలో నిలబడి ఉంది.

"కన్ను కోసినారా?" అంది మెల్లగా.

"కత్తితో కాదమ్మా. వెలుగుతో."

"నేను కనబడతా ఉండానా?"

"కనబడతా ఉండావమ్మా. నీ ముక్కుపుడకలో ఒక రాయి ఊడిపోయుండాది."

చూడామణి ముక్కు తడుముకుంది. "ఆరేండ్లుగా అట్లనే ఉండాది," అంది. "ఇప్పుడు కనబడిందా నీకు?" దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చుంది.

వేషం పోయినా మనసు ఊరుకోక, జనార్దనం వేషాలతో జరిగే చివరి రిహార్సలుకు వెళ్ళాడు. అతనికి ద్వారపాలకుడి పాత్ర ఇచ్చారు. అదీ అందరికీ దూరంగా, వీధి గుమ్మం దగ్గర. పళని అందరికీ వరసగా కాటుక దిద్దుకుంటూ వచ్చాడు. జనకుడికి, విశ్వామిత్రుడికి, రావణుడికి, సీత వేషం వేసే అనంత్‌కు, కొత్త రాముడు శివరామ్‌కు అదే పుల్ల, అదే భరిణె. మధ్యమధ్య ఎడమ చేత్తో తన కన్ను నలుపుకుంటున్నాడు.

జనార్దనం కొత్త చూపుకు అతని కన్ను ఎర్రగా కనిపించింది. "అన్నా, పళని కన్ను చూడండి, చింతనిప్పులా ఉండాది!" అని గుమ్మం నుంచి అరిచాడు.

"నీ కండ్లే చూసుకో, సామీ!" అన్నాడు దేవరాజులు, కాటుక పెట్టించుకుంటూ. "పళనీ, దూరంగా నిలబడి వాడికీ పెట్టు."

"నాకొద్దు. డాక్టరు వద్దన్నాడు."

"దేవుడి ముందర పెట్టి తెచ్చిన కాటుక వద్దంటావా? ఏం చదువులో ఏమో!"

ఆ మాట జనార్దనాన్ని గుచ్చుకుంది. దేవుడి కాటుకను కాదంటే తప్పా, వైద్యుడి మాట కాదంటే తప్పా అని ఇంటికి వచ్చేదాకా ఆలోచించాడు. రెండూ దేవుడు ఇచ్చినవే కదా అనుకుని, చుక్కలు వేసుకుని పడుకున్నాడు.

నవమి నాడు పొద్దున దేవరాజులు మళ్ళీ వచ్చాడు. ఈసారి గుమ్మానికి ఎదురుగానే నిలబడ్డాడు గాని, ముఖాన నల్లద్దాలున్నాయి.

"నాయనా జనార్దనం," అన్నాడు నీరసంగా. "శివరామ్ కండ్లు అతుక్కుపోయినాయి, తెరుచుకోలేదు. మిగతావాళ్ళు నల్లద్దాలతోనన్నా నిలబడతామంటా ఉండారు. రాముడికి మాత్రం అవి బాగుండవు. నీ కండ్లెట్లుండాయి?"

"ముత్యాల్లా ఉండాయి, అన్నా."

"అందరికీ అంటించేసి నువ్వు మాత్రం బాగుండావు! సరి సరి, సాయంత్రం వచ్చేయ్."

ఆ సాయంత్రం మందిరంలో తెర లేచింది. జనకుడికి నల్లద్దాలు. విశ్వామిత్రుడికి, గడ్డం పైన నల్లద్దాలు. సీతకు, పాపిటబిళ్ళ కింద నల్లద్దాలు. పది తలల రావణుడికి ఒక్క తలకే నల్లద్దాలు, మిగతా తొమ్మిదీ అట్టముక్కలు గనుక వాటికి రోగం రాలేదు. మిథిలానగరమంతా ఎండలో నిలబడ్డట్టుంది. జనం నోళ్ళు తెరిచారు. కాటుక లేని కళ్ళతో రాముడు ఒక్కడే అందరినీ చూస్తున్నాడు.

జనార్దనం విల్లు విరిచాడు. తిన్నగా నడిచి, సరైన గడ్డాన్ని వెతుక్కుని, విశ్వామిత్రుడికే మొక్కాడు. ముందు వరసలో అమ్మ చేతులు జోడించడం, ఆమె ముక్కుపుడక మెరవడం కనిపించింది. లేజర్ చేయించుకున్న కొత్తలో దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయని డాక్టరు ముందే చెప్పాడు. నిజంగానే ప్రతి దీపం చుట్టూ ఒక వలయం వెలిగింది. రావణుడి తలల వెనుక కూడా దైవకాంతి ఉంది. జనార్దనం మైమరచిపోయాడు.

హార్మోనియం మంగళరాగం అందుకుంది. సీత రెండు చేతులతో దండ పట్టుకుని కదిలింది. నల్లద్దాల వెనుక, వాచిన కళ్ళతో అనంత్‌కు కనబడుతున్నది వేదిక మీద మెరుస్తున్న ఒకే ఒక పెద్ద వస్తువు. అది రావణుడి కిరీటం. సీత అటే నడిచింది. జనార్దనం చూశాడు. దండలోని ప్రతి మల్లెమొగ్గ, దాని వెనుక దారం ముడి, అంతా విడివిడిగా, స్పష్టంగా కనిపించింది. తన ముందు నుంచే అది సాగిపోవడమూ కనిపించింది.

తన వైపు దండ వస్తున్న సంగతి దేవరాజులుకు మసగ్గా తెలిసింది. ఏటా జరిగే సన్మానం ఈసారి కాస్త ముందుగా పెట్టారనుకున్నాడు. సింహాసనం మీద నుంచి లేచి, రెండు చేతులూ జోడించి, అన్ని తలలూ వినయంగా వంచాడు.

దండ పడింది. మందిరంలో గాలి కూడా ఆగిపోయినట్టయింది. ఇంత ఘోరం త్రేతాయుగంలో కూడా జరగలేదు. దేవరాజులు ఒక్కడే, "అందరికీ నా కృతజ్ఞతలు," అన్నాడు.

ఇంటికి వెళ్ళే దారిలో చూడామణి వీధి దీపం కింద ఆగింది. కొడుకు ముఖంలోకి, ఈసారి సూటిగా, చూసింది.

"అంత బాగా కనబడింది గదరా నీకు. ఒక్కడుగు పక్కకు జరిగుంటే నీ మెళ్ళోనే పడుండును గదా?"

"చూస్తా ఉండిపోయినానమ్మా," అన్నాడు జనార్దనం. "అంత దూరం నుంచి దండ రావడం నేనెప్పుడూ చూడలేదు."

మరుసటి ఏడు మందిరంవారు సీతాకల్యాణం మానేసి శ్రీరామ పట్టాభిషేకం వేశారు. ఆ కథ మొదలయ్యేసరికి రావణుడు చనిపోయి ఉంటాడు.