రికార్డు ప్రకారం విశాఖపట్నం

రెండువేల తొమ్మిది మార్చి నెలాఖరు నాటికి మా గనిలో పనిచేసే ఆరు వందల నలభై మందీ సకుటుంబంగా విశాఖపట్నం చూసి వచ్చారని పాఠకులకు సవినయంగా తెలియజేస్తున్నాను. వీరిలో నిజంగా వెళ్లినవాడు ఒక్కడున్నాడు. పేరు బిక్షం. కేసు అతడి మీదే నడిచింది.

గోదావరిఖనికి సముద్రం రైల్లో పద్నాలుగు పదిహేను గంటల దూరం. అయినా సముద్రం గురించి మా కాలనీకి తెలిసినంతగా జాలర్లకు కూడా తెలియదు. దీనికి కారణం కంపెనీ వారు దయతో ఏర్పాటు చేసిన ఎల్టీసీ అనే సదుపాయం. నాలుగేళ్లకోసారి కార్మికుడు పెళ్లాం పిల్లలతో దేశం చూసి రావాలి, ఖర్చు కంపెనీ భరించాలి. చూసొచ్చిన కార్మికుడి మనసు వికసించి బొగ్గు ఎక్కువగా వస్తుందని పెద్దల ఆలోచన. మావాళ్లు ఆ ఆలోచనను గౌరవించి బొగ్గు ఎక్కువే తీశారు. దేశం చూసే పని మాత్రం లింగమూర్తికి అప్పగించారు.

లింగమూర్తి చౌరస్తాలో విహారయాత్రల ఏజెన్సీ నడుపుతాడు. ఒక బల్ల, ఒక ఫ్యాను, గోడ మీద సముద్రం ఫోటో. ఆయన వాటా ఆయనకిస్తే రైలు టికెట్లు, హోటలు బిల్లు, వాటితో పాటు ఒక జిరాక్స్ షీటు ఇస్తాడు. ఆ షీటులో విశాఖపట్నపు వింతలు పద్నాలుగు ఉంటాయి. ‘బీచి: అలలు ఎగసిపడుచుండెను. మనస్సు పులకించెను.’ ‘జలాంతర్గామి ప్రదర్శనశాల: లోపల ఇరుకుగా నుండెను. దేశభక్తి కలిగెను.’ ‘దీపస్తంభము: మిగుల ఎత్తుగా నుండెను.’ ఎనిమిదోది కైలాసగిరి. ‘కొండపై నుండి చూడగా సూర్యుడు సముద్రములో అస్తమించుచుండెను. పిల్లలు కేరింతలు కొట్టిరి.’ పిల్లలు లేనివాళ్ల పిల్లలు కూడా కేరింతలు కొట్టారు. టైమాఫీసు గుమస్తా జాన్ ప్రసాద్ ఈ షీటును బిల్లుకు గుచ్చి పైకి పంపేవాడు. ఇలా ఏళ్ల తరబడి మా గని కార్మికుల మనసులు క్రమం తప్పకుండా వికసిస్తూ వచ్చాయి.

ఈ చక్కని ఏర్పాటులో పుల్ల పెట్టింది పూలమ్మ. ఆమె బిక్షం భార్య. బిక్షం ముప్పై ఒక్క ఏళ్లుగా గనిలో బొగ్గు నింపే మనిషి. క్వార్టర్ల వరుసలో మాకు రెండిళ్ల అవతల ఉండేవాళ్లు. ఒకరోజు నల్లా రాక ఖాళీ బిందెతో ఇంట్లోకి వచ్చి ఆమె మొగుడితో అన్నదట: “నువ్వు రోజు భూమి లోపటికన్న పోయొస్తున్నవు. నేను పెద్దపల్లి దాటి పోలే. ఒక్కపారి సముద్రం చూపియ్యి. మల్ల ఏం అడుగ.”

భార్య అడిగితే షీటు తెచ్చివ్వాల్సిన మనిషి, నేరుగా లింగమూర్తి దగ్గరకు వెళ్లి, “అన్నా, వైజాగ్ పోవాలె. ఏ బండి ఎక్కాలెనో జెర చెప్పు” అన్నాడు.

లింగమూర్తి నిర్ఘాంతపోయాడు. పదేళ్ల వ్యాపారంలో ఆయన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

“పోవుడెందుకే? నాలుగు వందల కుటుంబాలను పంపిన, నేనే పోలే ఇంతవరకు.”

“పూలమ్మ చూస్తనంటుంది.”

“గా ఫోటో తీస్కపోయి చూపియ్యి. రేపు తెచ్చియ్యి” అని లింగమూర్తి గోడ వైపు చేయి చూపించాడు. ఇంతటి ఉదారతను కాదని, బిక్షం రొట్టెలు మూట గట్టించి, కాజీపేటలో బండి మారి, జనరల్ పెట్టెలో కూర్చుని భార్యతో విశాఖపట్నం వెళ్లాడు.

అక్కడ వాళ్లు చేసిన నిర్వాకం వింటే షీటు రాసినవాడి గుండె పగులుతుంది. రెండు రోజులున్నారు. పద్నాలుగు వింతల్లో పదమూడింటిని పట్టించుకోలేదు. కైలాసగిరి ఎక్కుదామంటే పూలమ్మ, “మనింటెనుక బొగ్గుబాయి మట్టి గుట్టలు లేవా? రోజు జూస్తలేమా?” అన్నది. జలాంతర్గామి దగ్గర జనం వరుసగా నిలబడి ఉంటే బిక్షం లోపలికి తొంగి చూసి, “ముప్పై ఏండ్ల సంది దిగుతనే ఉన్న. నౌకరికి రజా పెట్టి గూడ దిగాల్నా?” అని వెనక్కి తిరిగాడు. దీపస్తంభాన్ని దూరం నుంచి చూసి అదేదో ఫ్యాక్టరీ గొట్టం అనుకున్నారు. మిగిలిన సమయమంతా ఇసుకలో కూర్చుని నీళ్లు చూశారు.

పూలమ్మ మొగుడి చేయి పట్టుకుని, “గిన్ని నీళ్లా! గీటికి వాల్వు ఎవలు తిప్పుతరు?” అని అడిగిందట. మర్నాడు తెల్లవారగానే మళ్లీ అక్కడికే వచ్చారు. నీళ్ల అంచున పొద్దు పొడిచింది. పూలమ్మ లేచి నిలబడింది. “మన దిక్కు పొద్దు మసితోని పొడుస్తది. గిది కడుక్కొని వచ్చింది సూడు” అన్నది. ఆ మాట బిక్షం మాకు పదేపదే చెప్పేవాడు. మాకు నవ్వొచ్చేది. కాలిచెప్పు ఒకటి అల ఎత్తుకుపోతే, రెండోది చేతిలో పట్టుకుని ఆమె గోదావరిఖని దాకా వచ్చింది.

ఇంతలో పై ఆఫీసులో ఎవరో ఖాళీగా ఉన్న అధికారి మా షీటులను చదివాడు. చదవడానికి కాదు గదా అవి పెట్టింది! ఒకే సాయంత్రం ఒకే కొండ మీద డెబ్బై రెండు కుటుంబాల పిల్లలు కేరింతలు కొట్టడం ఆయనకు అనుమానం కలిగించింది. విచారణ వేశారు. విచారణాధికారిగా వచ్చిన పెద్దమనిషి నిష్పక్షపాతి. ఆయన కూడా విశాఖపట్నం రెండుసార్లు చూసినవాడే. ఆయన బిల్లులకు ఏ షీటు గుచ్చి ఉందో జాన్ ప్రసాద్ ఒకనాడు స్వయంగా చూశాడు.

విచారణ పద్ధతి సులభం. ఒక్కొక్కరిని పిలిచి ఏమేం చూశావని అడగడం. ఆరు వందల ముప్పై తొమ్మిది మంది తడబడకుండా చెప్పారు. గనిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలిచ్చే గదిలో పనిచేసే నేను కూడా పద్నాలుగుకు పద్నాలుగు చెప్పాను. ఎనిమిదో దాని దగ్గర అధికారి కళ్లు మూసుకుని నాతో పాటు గొంతు కలిపాడు. అంతటి ఏకాభిప్రాయం మా గనిలో బోనస్ విషయంలో కూడా కుదరలేదు.

చివరగా బిక్షం వచ్చాడు. ఎల్టీసీ డబ్బు తీసుకున్నాడు గానీ ఏజెన్సీ బిల్లు లేదు. హోటలు బిల్లు లేదు. టికెట్లు స్టేషను గేటు దగ్గర తీసుకున్నారన్నాడు.

“దీపస్తంభం ఎలా ఉంది?” అన్నాడు అధికారి.

“దూరంకెంచి చూసినం సారు.”

“జలాంతర్గామి లోపల?”

“దిగలే సారు.”

“సరే. సూర్యుడు సముద్రంలో అస్తమించేటప్పుడు నీకేమనిపించింది?”

“పొద్దు సముద్రంల గూకదు సారు. సముద్రంలకెంచి పొడుస్తది. ఎనుక గుట్టల దిక్కు గూకుతది.”

అధికారి పక్కనున్న ఆరు వందల ముప్పై తొమ్మిది వాంగ్మూలాల కట్టను చేత్తో తడిమాడు. “వీళ్లందరూ చూసిన సూర్యుడు ఒకడు, నువ్వు చూసినవాడు ఒకడా?” అని జాలిగా అడిగాడు.

సాక్షిగా పూలమ్మను పిలిచారు. విశాఖపట్నంలో ఏం చూశావమ్మా అంటే, “నీళ్లు చూసిన సారు” అన్నది. ఇంకా ఏమైనా అంటే, “ఇంక నీళ్లే సారు. శానా ఉన్నయి” అన్నది. చెప్పు పోయిన సంగతి కూడా చెప్పింది. చెప్పు పోయినట్టు పోలీసు ఫిర్యాదు ఏదీ లేదని అధికారి రాసుకున్నాడు.

పదిహేను రోజుల్లో నోటీసు బోర్డు మీద ఉత్తర్వు అంటించారు. ‘సదరు కార్మికుడు నగరంలోని ఏ ఒక్క ముఖ్య స్థలమును వర్ణించలేకపోయినందునను, సూర్యుని విషయమై అధిక సంఖ్యాకుల సాక్ష్యమునకు విరుద్ధముగా చెప్పినందునను, అతడు యాత్ర చేయలేదని నిర్ధారించడమైనది.’ బిక్షాన్ని సస్పెండ్ చేశారు. ఉద్యోగం ఎందుకు తీసివేయరాదో ముప్పై రోజుల్లో చెప్పాలన్నారు. రిటైరు కావడానికి అతడికి ఇంకా మూడేళ్లుంది.

గని గేటు దగ్గర యూనియన్ నాయకుడు వీరేందర్ సభ పెట్టాడు. అన్యాయం జరిగినప్పుడల్లా ఆయన గేటు దగ్గర నిప్పులు కక్కుతాడు. ఆ రోజూ కక్కాడు. “కార్మిక సోదరులారా! ఐక్యతే మన ఆయుధం! ఆరు వందల ముప్పై తొమ్మిది మందిమి ఒక్క తాటి మీద నిలబడితే, ఒక్కడు, ఒకే ఒక్కడు, నిజంగ పోయొచ్చి మనందరి నోట్ల మట్టి కొట్టిండు! రేపు పొద్దు అటు పొడిచినట్టు తేలితే మన గతేంది?” మేమంతా చప్పట్లు కొట్టాం. బిక్షం కూడా జనంలోనే ఉన్నాడు. అతడూ అలవాటు చొప్పున రెండు చప్పట్లు కొట్టి, తర్వాత చేతులు దించుకున్నాడు.

ఆదివారం చర్చి నుంచి నేరుగా జాన్ ప్రసాద్ బిక్షం ఇంటికి వెళ్లాడు. చంకలో బైబిలు, బైబిలులో షీటు. నన్ను కూడా తోడు తీసుకెళ్లాడు.

“అన్నా, అప్పీలుకు మల్ల పిలుస్తరు. గీ పద్నాలుగు నోటికి పట్టు. నౌకరి నిలబడుతది.”

“నేను పోయొచ్చిన గదనే” అన్నాడు బిక్షం.

“అదే గదన్నా వచ్చిన తిప్పల. పోయొచ్చింది మరిచిపో. గిది యాది పెట్టుకో. అందరివి పిల్లల బతుకులు.”

బిక్షం నేర్చుకున్నాడు. చదువు రాని మనిషి కాబట్టి జాన్ ప్రసాద్ చదువుతుంటే విని అప్పజెప్పేవాడు. వారం రోజులు మధ్యాహ్నం పూట వాళ్ల అరుగు మీద బడి నడిచింది. దేశభక్తి కలగడం నాలుగు రోజుల్లో వచ్చింది. దీపస్తంభం మిగుల ఎత్తుగా ఉండటం ఐదో రోజు వచ్చింది. ఎనిమిదో దాని దగ్గరికి రాగానే మాత్రం నోరు ఆగిపోయేది. ‘సూర్యుడు సముద్రములో’ అని, పూలమ్మ వైపు చూసేవాడు. ఆమె బట్టలు పిండుతూ తల ఎత్తేది కాదు.

ఒకసారి అతడే అన్నాడు: “ఏం జెయ్యాలెనే మరి? నౌకరి పోతే క్వార్టరు పోతది. ఏడికి పోదం?”

“నేనేమన్న అన్ననా? నువ్వు చదువుకో” అన్నది పూలమ్మ. ఆమె పిండుతున్న చీరలో అప్పటికి చుక్క నీరు కూడా లేదు. ఇంకా పిండుతూనే ఉంది.

అప్పీలు రోజున బిక్షం చేతులు కట్టుకుని నిలబడి పద్నాలుగూ చెప్పాడు. ఎనిమిదోది కళ్లు మూసుకుని చెప్పాడు. పిల్లలు కేరింతలు కూడా కొట్టారు. అధికారి సంతోషించి, “చూశావా, మనిషి ప్రశాంతంగా ఉంటే నిజం అదే గుర్తొస్తుంది” అన్నాడు. కిటికీ బయట నిలబడ్డ మేము ఊపిరి పీల్చుకున్నాం. ఆరు వందల ముప్పై తొమ్మిది సూర్యులు క్షేమంగా సముద్రంలో మునిగారు.

మిగిలింది పూలమ్మ వేలిముద్ర. భర్త చెప్పినదంతా తానూ చూశానని రాసిన కాగితం, సిరా డబ్బా ముందు పెట్టారు.

“ఇండ్ల ఏం రాసిండ్రు?” అని అడిగింది. జాన్ ప్రసాద్ చదివి వినిపించాడు.

“నీళ్లల్లకెంచి పొద్దు పొడిసింది రాయలేదా?”

“లేదక్కా. గట్ల రాస్తే కేసైతది.”

పూలమ్మ సిరా డబ్బాను జాగ్రత్తగా అవతలికి జరిపింది. “పొద్దును మీరెటన్న ముంచుకోండ్రి సారు. ఏలు మాత్రం నాది” అని లేచి, కొంగు సర్దుకుని బయటికి నడిచింది. బిక్షం ఆమెను ఆపలేదు. తలుపు దాకా వెళ్లి, ఆమె మెట్లు దిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

ఇలాంటి చిక్కుముడి విప్పడానికే అధికారులుంటారు. రెండో ఉత్తర్వు వారంలో వచ్చింది. ‘కార్మికుడు యాత్ర చేసినది వాస్తవము. భార్య వెంట వెళ్లినట్లు ఆధారము లేదు.’ బిక్షాన్ని డ్యూటీలోకి తీసుకున్నారు. పూలమ్మ ప్రయాణాన్ని రద్దు చేశారు. కంపెనీ చరిత్రలో జరిగిన ప్రయాణాన్ని తర్వాత రద్దు చేయడం అదే మొదలు. నిష్పక్షపాత విచారణకు గాను అధికారికి బదిలీ మీద పదోన్నతి లభించింది. అందరం సుఖంగా ఉన్నాం.

బిక్షం మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. క్వార్టరు అప్పగించి, మా వరుస వెనకే రెండు గదుల ఇల్లు వేసుకున్నారు. తర్వాత సమ్మెలు జరిగాయి, రాష్ట్రం వచ్చింది, పటాకులు కాల్చాం. సముద్రం పక్క రాష్ట్రానికి పోయింది. ఆ జూన్‌లో ఒకరోజు నల్లా దగ్గర ఆడవాళ్లంతా సముద్రం గురించి బెంగపడ్డారు. రికార్డు ప్రకారం అందరూ చూసినవాళ్లే కదా. చూడనిది పూలమ్మ ఒక్కతే. మా ఆవిడ శోభకు జాలి గుండె. “పాపం, పూలక్కా! మనదగ్గర ఉన్నప్పుడే నిన్ను ఒక్కపారన్న తోల్కపోకపాయె బిక్షమన్న” అన్నదట.

పూలమ్మ కోపం తెచ్చుకోలేదట. బిందె పక్కన పెట్టి చెప్పిందట: “నీళ్లల్ల నిలబడ్డమనుకో శోభా, అల వచ్చినప్పుడు ఏం గాదు. అది ఎనుకకు పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుక మెల్లగ గుంజుకపోతది. నువ్వు నిలబడ్డకాన్నే ఉంటవు, కింద భూమి ఉండది.”

శోభ నీళ్లు తేకుండానే ఇంటికొచ్చింది. నా ముందు నిలబడి, “నిజమేనా? నీ కాళ్ల కింద గూడ గట్లనే పోయిందా?” అని అడిగింది.

నేను బీరువా తెరిచి, పాత కాగితాల్లోంచి షీటు తీసి, పద్నాలుగూ రెండుసార్లు చదివాను. అందులో కాళ్ల గురించి ఏమీ రాయలేదు. మీరంతా విశాఖపట్నం చూసినవారే కాబట్టి, మీలో ఎవరికైనా ఈ సంగతి తెలిసి ఉంటే, తగిన ఏజెన్సీ ముద్రతో సహా తెలియజేయగలరని ప్రార్థన.