సుడిగుండం మీద ఉమ్మడి పరిశోధన

ఇకమీదట నాలుగు శాఖలు కలిసి పరిశోధన చేస్తాయని విశ్వవిద్యాలయం ప్రకటించింది. అంతరిక్ష భౌతికశాస్త్రం, సముద్ర విజ్ఞానం, గణితం, కంప్యూటర్ గ్రాఫిక్స్. ఈ నాలుగూ అప్పటిదాకా ఒకే భవనంలో, ఒకే లిఫ్టు వాడుకుంటూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఎంతో ప్రశాంతంగా శాస్త్రాన్ని అభివృద్ధి చేస్తూ వచ్చాయి. ఆ ప్రశాంతతను చెడగొట్టడం దేనికని కొందరు పెద్దలు అడిగారు కూడా. కానీ జ్ఞానానికి గోడలుండకూడదని వైస్ చాన్సలర్ గారు ఒక సభలో అనేశారు. అది పత్రికల్లో అచ్చయిపోయింది. అన్న మాట పత్రికలో పడ్డాక వెనక్కి తీసుకోవడం ఏ శాస్త్రానికీ సాధ్యం కాదు.

భవనంలో ఎవరి చోటు వారికి ముందే ఉంది. అంతరిక్ష శాఖ నేలమాళిగలో ఉంటుంది. సముద్ర శాఖ ఐదో అంతస్తులో, కుళాయిల్లో నీళ్ళు ఎక్కనిచోట ఉంటుంది. గణిత శాఖ గది తలుపు మీద నంబరు లేదు. గ్రాఫిక్స్ శాఖకు, తెర మీద ఎలాగూ అన్నీ కనిపిస్తాయి కదా అని, కిటికీ లేని గది ఇచ్చారు.

ఆ కిటికీ లేని గదిలో పనిచేసే లెక్చరర్‌ని అందరూ బొమ్మల మేడం అనేవారు. నీళ్ళు, పొగ, మంట, గాలికి ఎగిరే జుట్టు ఇవన్నీ తెర మీద అచ్చం నిజంలా కదిలేలా చేసే విద్య ఆవిడది. అందులో చెమటలు పట్టించే లెక్కలున్నాయి. అయినా పై అంతస్తుల వాళ్ళ దృష్టిలో ఆవిడ బొమ్మలు వేసే మనిషి. ఉద్యోగం తాత్కాలికం. పాత గొడుగుకి మాసిక వేయించినట్టు, ఏడాదికోసారి పొడిగిస్తుంటారు.

ఉమ్మడి పరిశోధనకు ఊరి ముందున్న అఖాతాన్ని ఎంచుకున్నారు. దగ్గర్లో ఉండటమే దాని ప్రధాన అర్హత. సముద్రం సారు నీళ్ళ మీద తేలే యంత్రాలతో ప్రవాహాలు కొలిచి ఇవ్వాలి. ఆకాశం సారు ఉపగ్రహం చూసిన నీటిమట్టాలు ఇవ్వాలి. లెక్కల సారు సమీకరణాలు ఇవ్వాలి. వీటన్నిటినీ కలిపి బొమ్మల మేడం తెర మీద అఖాతాన్ని కదిలించాలి. ముందు వాళ్ళు ఇవ్వనీ అంటే ముందు వీళ్ళు ఇవ్వనీ అని ముగ్గురూ మర్యాదగా ఆగారు. ప్రారంభోత్సవం ముందురోజు సాయంత్రం ముగ్గురూ ఒకేసారి తెచ్చి ఆవిడ బల్ల మీద పడేసి, "బొమ్మే కదమ్మా, ఎంతసేపు," అన్నారు.

మర్నాడు సభలో దీపాలు ఆర్పారు. తెర మీద అఖాతం తేటగా, నీలంగా మెరిసింది. అలలు లేచాయి, ఒడ్డున నురగ విరిగింది. సభ మురిసిపోయింది. అంతలో అఖాతం నడిమధ్య, సరిగ్గా అవతలి ఒడ్డుకి వెళ్ళే పడవ దారిలో, నీళ్ళు మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి. తిరిగి తిరిగి లోతైన గుంటగా దిగాయి. గరాటులో నూనె పోసినట్టు, ఎంతో నున్నగా, ఎంతో అందంగా.

"అదేమిటి?" అన్నారు వైస్ చాన్సలర్ గారు.

దాన్ని బొమ్మల మేడం కూడా అప్పుడే చూస్తోంది.

"అదండీ... ఒకసారి చూడాలి... ఎక్కడో..." అని ఆవిడ నీళ్ళు నములుతుండగానే సముద్రం సారు లేచి, "సుడిగుండం సార్," అన్నారు. ఆయనకి ఆ సుడిగుండం గురించి ఏమీ తెలియదు. కానీ తెలియదు అనడం అంతకంటే తెలియదు.

"మేము ఊహించిందే," అన్నారు ఆకాశం సారు, నేలమాళిగ తరఫున.

"ఉండక తప్పదు," అన్నారు లెక్కల సారు, కళ్ళు మూసుకుని.

వైస్ చాన్సలర్ గారు మైకు అందుకున్నారు. "తరతరాలుగా మన కళ్ళెదుటే ఉండి, మన కళ్ళకి కనబడని ఈ సుడిగుండాన్ని మన శాస్త్రజ్ఞులు కుర్చీలోంచి కదలకుండా కనిపెట్టారు. సముద్రం దాచింది, కంప్యూటర్ చెప్పింది. ఇక దాచడానికి సముద్రం దగ్గర ఏముంది? చెప్పడానికి మన దగ్గర ఎంత లేదు?" అన్నారు. ఆ చివరి వాక్యం ఎవరికీ అర్థం కాలేదు. చప్పట్లు దానికే ఎక్కువ పడ్డాయి.

ఆ తరవాత విజ్ఞానం ఏరులై పారింది. సుడిగుండం అంచున ఒక జాతి చేప గుడ్లు పెడుతుండవచ్చని సముద్రం సారు వ్యాసం రాశారు. రెండో వ్యాసంలో ఆ 'వచ్చు' తీసేశారు. ఆకాశం సారు సూర్యుడి నుంచి వీచే కణాల గాలికీ సుడిగుండం వేగానికీ చుట్టరికం కలిపారు. ఆ రెంటికీ మధ్య కోట్ల మైళ్ళ దూరం ఉందన్న అభ్యంతరానికి, చుట్టాలు దూరాన ఉంటేనే ప్రేమగా ఉంటారని సమాధానమిచ్చారు. లెక్కల సారు సుడిగుండం ఉండి తీరాలని నిరూపించి, అంతటితో ఊరుకోక, ఒక్కటే ఉండాలని కూడా నిరూపించారు. రేవు అధికారులు జనం ప్రాణాలు కాపాడటానికి అవతలి ఒడ్డు పడవని సుడిగుండం చుట్టూ తిప్పి, ఇసుక మేటల పక్కనుంచి పంపించడం మొదలుపెట్టారు.

మొదట్లో పడవ నడిపే సరంగు, "నేనెప్పుడూ చూడలేదే దాన్ని," అన్నాడు. విశ్వవిద్యాలయం అతన్ని ఒక సదస్సుకి పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టి, 'క్షేత్ర నిపుణుడు' అని పరిచయం చేసింది. సదస్సు ముగిసేసరికి అతనికి చిన్నప్పటి సంగతులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాళ్ళ నాన్న అతన్ని ఆ సుడిగుండం పక్కనుంచే ఎత్తుకుని ఈదాడట.

ఈ హడావుడిలో ఒకరోజు బొమ్మల మేడం తన ప్రోగ్రాం మొదటినుంచి చదువుకుంటూ కూర్చుంది. ఒక వరసలో ప్లస్ ఉండాల్సినచోట మైనస్ ఉంది. దాన్ని మార్చి నడిపించింది. అఖాతం తేటగా, నీలంగా మెరిసింది. అలలు లేచాయి, నురగ విరిగింది. మధ్యలో మాత్రం ఏమీ లేదు. ఇంకోసారి నడిపించింది. ఏమీ లేదు. లేచి మెట్ల పక్కనున్న లెక్కల సారు గదికి పరిగెత్తింది.

"సార్, మీరు ప్లస్ ఇస్తే నేను మైనస్ కొట్టాను. సరిచేస్తే సుడిగుండం పోతోంది."

"ఎక్కడికి పోతోంది?" అన్నారు లెక్కల సారు ఆసక్తిగా.

"ఎక్కడికీ పోవట్లేదు సార్. అసలు లేదు."

"చూడమ్మా, నేను నిరూపించిందేమిటి? ఫలానా షరతులుంటే సుడిగుండం ఉంటుందని. ఆ షరతులు ఈ అఖాతంలో ఉన్నాయని ఎక్కడైనా అన్నానా?"

"మరి దాన్ని నమ్మి పడవలు తిప్పి పంపుతున్నారు కదా సార్!"

"పడవలు గణితం కిందికి రావమ్మా."

ఐదో అంతస్తుకి ఎక్కింది. సముద్రం సారు అంతా విని, తలుపు దగ్గరగా వేసి వచ్చారు. "నా విద్యార్థులు ముగ్గురు ఆ సుడిగుండంలో పీకలదాకా మునిగి ఉన్నారు. థీసిస్‌లు సగంలో ఉన్నాయి. ఇప్పుడు నువ్వు లేదంటే వాళ్ళెక్కడ తేలాలి?"

"పోనీ ఒకసారి పడవేసుకుని వెళ్ళి చూద్దామా సార్?"

ఆయన జాలిగా నవ్వారు. "చదువుకున్నదానివి, నీకు ఆ మాత్రం తెలియదా? సుడిగుండం ఉన్నచోటికి ఎవరైనా పడవేసుకుని వెళ్తారా?"

ఇక నేలమాళిగకి దిగే ఓపిక లేక ఆవిడ తన గదికి వెళ్ళి కూర్చుంది. మళ్ళీ ఉద్యోగం పొడిగించే రోజులు దగ్గరపడుతున్నాయి. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు కదా, పడవ కాస్త చుట్టు తిరుగుతోంది, అంతేగా, అని మనసుకి సర్దిచెప్పుకుంది. మనసు కూడా తాత్కాలిక ఉద్యోగే కాబట్టి ఒప్పుకుంది.

ఆ పడవలోనే బొమ్మల మేడం అత్తగారు వారానికోసారి అవతలి ఒడ్డున ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళొస్తుండేది. ఒక మధ్యాహ్నం క్లాసు మధ్యలో ఆవిడ ఫోన్ చేసింది. "అమ్మాయ్, కంగారుపడకు. మేం ఇసకలో కూర్చున్నాం."

"ఇసకేమిటి అత్తయ్యా? ఒడ్డుకి వచ్చేశారా?"

"ఒడ్డేం కాదు. పడవే ఇసకలో కూర్చుంది. ఒక పక్కకి ఒరిగింది కూడా. ఇక్కడో పిల్లకి నొప్పులొస్తున్నాయే! పురిటికి బయల్దేరింది పాపం. ఎవర్నైనా పంపించు, త్వరగా!"

బొమ్మల మేడం ఎలా వెళ్ళిందో ఆవిడకే తెలియదు. రేవులో నిలబడి చూస్తే, దూరంగా ఇసుక మేట మీద పడవ తట్టుకుని వాలిపోయి ఉంది. పాత దారి దానికి అటుపక్కన, అద్దంలా, ఖాళీగా ఉంది. చేపల పడవలు వెళ్ళి జనాన్ని కొద్దికొద్దిగా తెచ్చాయి. నొప్పులు పడుతున్న అమ్మాయిని చెక్క మీద పడుకోబెట్టి దించారు. ఆసుపత్రి బండి తలుపు మూసేలోపే బిడ్డ పుట్టింది. బతికిందో లేదో రెండు క్షణాలు ఎవరికీ తెలియలేదు. తరవాత ఏడుపు వినిపించింది. అందరూ నవ్వారు. బొమ్మల మేడం మాత్రం తడిసిన ఆ చెక్క వంక చూస్తూ ఉండిపోయింది. కడిగేవాళ్ళు లేక అది అక్కడే పడి ఉంది. ఆవిడే బకెట్‌తో నీళ్ళు తెచ్చి కడిగింది.

ఆ వారమే దేశదేశాల పండితులతో సుడిగుండం మీద మహాసభ జరిగింది. తన వంతు రాగానే బొమ్మల మేడం ఏ బొమ్మా వేయకుండా నిలబడింది. "అఖాతంలో సుడిగుండం లేదండీ. నేను ప్లస్‌కి బదులు మైనస్ కొట్టాను. తప్పు నాది. దయచేసి పడవని పాత దారిలో పంపించండి," అంది.

ఉద్యోగం పోయిందని ఆవిడకి అర్థమైంది. చిత్రంగా, భుజాల మీద బరువు దిగినట్టే ఉంది.

అప్పుడు ఆకాశం సారు లేచారు. "మేడం గారు ఆ మైనస్ ఏ రోజు కొట్టారు?"

"ప్రారంభోత్సవం ముందురోజండీ."

"ఆ రోజు సూర్యుడి మీద తుఫాను రేగింది. సూర్యుడి నుంచి వచ్చే కణాలు కంప్యూటర్లలో గుర్తులు తారుమారు చేయగలవని మనందరికీ తెలుసు. కాబట్టి ఆ మైనస్ కొట్టింది మేడం కాదు. సూర్యుడు!"

సభ దద్దరిల్లింది.

"కాదు సార్, నా వేలే కొట్టింది," అంది బొమ్మల మేడం.

"వేలు నిమిత్తమాత్రం," అన్నారు ఆకాశం సారు సౌమ్యంగా.

సూర్యుడు నేరుగా జోక్యం చేసుకున్న మొదటి పరిశోధనగా దాన్ని అక్కడికక్కడే గుర్తించారు. వైస్ చాన్సలర్ గారి కళ్ళు చెమర్చాయి. "తప్పు చేయకుండానే తప్పు ఒప్పుకున్న ఈ తల్లి వినయం ఆ సుడిగుండం కంటే లోతైనది," అని ఆవిడ ఉద్యోగాన్ని శాశ్వతం చేశారు. సుడిగుండ పరిశోధనా కేంద్రానికి ఆవిడనే డైరెక్టర్‌ని చేసి, కిటికీ ఉన్న గది కూడా ఇచ్చారు. పడవ సంగతి ఏం చేస్తారని ఆవిడ వెంటపడి అడిగితే, దానికీ ఒప్పుకున్నారు. సుడిగుండాన్ని దగ్గర్నుంచి గమనించాల్సిన అవసరం శాస్త్రానికి ఉంది కాబట్టి, పడవ పాత దారిలోనే వెళ్ళాలని ఆదేశించారు. దానికి 'పరిశీలన మార్గం' అని పేరు పెట్టారు.

ఇంట్లో అత్తగారు ఇరుగుపొరుగుల మధ్య కూర్చుని పడవ ప్రమాదం కథ చెబుతోంది. "సర్రున లాగేసిందమ్మా సుడిగుండం! గిర్రున తిప్పి ఇసకలోకి విసిరికొట్టింది. మా కోడలు కనిపెట్టింది కాబట్టి సరిపోయింది. లేకపోతే అది ఏమిటో కూడా తెలియకుండా పోయేవాళ్ళం."

"అత్తయ్యా, సుడిగుండం లేదు. మీరు వెళ్ళింది అసలు ఆ దారిలోనే కాదు," అంది బొమ్మల మేడం చెప్పులు విప్పుతూనే.

"ఊరుకోవే. పడవలో ఉన్నది నువ్వా నేనా?"

ఈ ప్రశ్నకి శాస్త్రం దగ్గర జవాబు లేదు.

పడవ పాత దారికి మళ్ళినరోజు అత్తాకోడళ్ళిద్దరూ కలిసి ఎక్కారు. పడవ ఇసుకలో కూర్చున్నప్పటినుంచి బెదిరిపోయిన అత్తగారికి తోడుగా కోడలు వచ్చింది. పడవ కిక్కిరిసిపోయింది. అవతలి ఒడ్డున పనేమీ లేనివాళ్ళు కూడా వచ్చారు. నడి అఖాతంలోకి రాగానే సరంగు ఇంజను తగ్గించి, టోపీ తీసి, వేలితో చూపించాడు. జనమంతా ఒక్కసారి కుడి అంచుకి చేరారు. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. ఒక తండ్రి భుజం మీది కూతురికి, "అదుగో, అక్కడ తిరుగుతోంది చూడు," అని చూపించాడు. "నిన్నటికంటే పెద్దదైంది," అన్నాడు ఆ రోజే మొదటిసారి వచ్చిన పెద్దమనిషి ఒకడు. అత్తగారు ఇనపకమ్మీ గట్టిగా పట్టుకుంది.

"ఏమ్మా, మీకు కనిపించిందా?" అని పక్కనున్నావిడ బొమ్మల మేడాన్ని అడిగింది.

"లేదండీ. నాకేం కనిపించలేదు."

అటూ ఇటూ ఉన్నవాళ్ళు జాలిగా చూశారు. "రోజల్లా ఆ కంప్యూటర్ ముందే కూర్చుంటుంది, కళ్ళు పాడైపోయాయి," అని అత్తగారు సర్దిచెప్పింది.

టికెట్లు కోసేవాడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మర్యాదస్తుడే. "కనిపించనివాళ్ళు కాస్త వెనక బెంచీకి వెళ్ళండమ్మా. కనిపించేవాళ్ళకి చోటివ్వండి," అన్నాడు.

బొమ్మల మేడం వెళ్ళి కూర్చుంది. పడవంతా ఒక పక్కకి ఒరిగి ఉండగా, వెనక బెంచీ మీద ఆవిడ ఒక్కతే ఉంది. అది పొడుగాటి బెంచీ, ఇంకో పదిమంది హాయిగా పడతారు. ఇరుకేమీ లేదు, గాలి కూడా బాగా వస్తుంది. వీలు చూసుకుని మీరూ రావచ్చు.