లామార్ యోస్ట్ పది నిమిషాల మరమ్మతు

శుక్రవారం ఉదయం ఏడున్నరకు లామార్ యోస్ట్ వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి, దాని మీద మామగారి పిస్తోలు పెట్టి, పది నిమిషాల్లో లేస్తానని భార్యకు మాటిచ్చాడు. తొమ్మిదింటికి ఆ బల్ల మీద వెర్నా పిండి వత్తుకోవాలి. షెడ్డులో చేసుకోమంటే అక్కడ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయన్నాడు. నవంబరు నెలాఖరు గనుక అది నిజమే. కానీ లామార్ పది నిమిషాలు ఎలాంటివో వెర్నాకు ముప్ఫై ఎనిమిదేళ్లుగా తెలుసు. పది నిమిషాల్లో బిగిస్తానన్న వరండా మెట్టు నాలుగో ఏట బిగిసింది.

లామార్ మా లోయలో బడి బస్సులన్నిటికీ మెకానిక్కుగా చేసి రిటైరైనవాడు. అంతంత బస్సుల్ని నడిపించినవాడికి అరచేతిలో పట్టే పిస్తోలు లొంగకపోవడం అతనికి పెద్ద అవమానం. అది పాతకాలపు పిస్తోలు. ఒక తూటా పేలగానే రెండోది తనంతట తానే పైకెక్కాలి. పెరట్లో గురి చూసుకునేటప్పుడు బుద్ధిగా ఎక్కేది. ఏడాదికొకసారి, జింకల వేట మొదలయ్యే ముందటి శనివారం మా తుపాకీ క్లబ్బులో జరిగే గురి పోటీలో మాత్రం మూడో తూటాకో నాలుగో తూటాకో మొరాయించేది. తూటా సగం లోపలికి దూరి, ముక్కు పైకెత్తి నిలబడిపోయేది. ఆరు ఇనప పళ్లేలు పడగొట్టాల్సిన పోటీలో పదకొండేళ్లుగా లామార్ మూడు దాటలేదు.

పోయిన ఏడాది టర్కీ కోడి విందులో వెర్నా తమ్ముడు హార్లన్ ఇరవై మంది ముందు ఈ సంగతి ఎత్తాడు. నాన్న చేతిలో ఉన్నన్నాళ్లూ ఒక్కసారీ ఆగని పిస్తోలు బావ చేతికి రాగానే ఎందుకు ఆగుతోందో దేవుడికే తెలియాలన్నాడు. లామార్‌కు ఒళ్లు మండింది. వచ్చే పోటీలో కూడా ఆగితే పిస్తోలు నువ్వే తీసుకుపో అనేశాడు. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు గానీ, హార్లన్ అప్పటికే చెయ్యి చాచి ఉన్నాడు.

పిస్తోలు పోతుందన్నది ఒక ఎత్తు. దాన్ని మామగారు ఎల్‌వుడ్ ఆసుపత్రి మంచం మీంచి తన చేత్తో లామార్ చేతిలో పెట్టాడన్నది ఇంకో ఎత్తు. ఇరవై ఏడేళ్లలో ఆ ముసలాయన అల్లుణ్ని మెచ్చుకున్నట్టు కనిపించింది ఆ ఒక్కసారే. దాన్ని హార్లన్‌కు అప్పగించడమంటే ఆ మెప్పు కూడా తిరిగి ఇచ్చేయడమే. అందుకని ఈ ఏడాది లామార్ తూటా ఎక్కే దారిని అద్దంలా నున్నగా చేసి, స్ప్రింగు మార్చి, పోటీకి వెళ్లాలని నిశ్చయించుకున్నాడు.

పిస్తోలు ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాడు. అంతవరకు బాగానే చేశాడు. తర్వాత గొట్టం కింద స్ప్రింగును అణచిపట్టే చిన్న ఉక్కు మూత మీద బొటనవేలు పెట్టి పక్క బిళ్ల తిప్పాడు. సరిగ్గా అప్పుడు పెరటి తలుపు దగ్గర కుక్క మొరిగింది. లామార్ తల తిప్పాడు. బొటనవేలు కూడా తలతోపాటు తిరిగింది. మూత టింగుమని దీపానికి తగిలి, టక్కుమని బీరువాకు తగిలి, ఆ తర్వాత చప్పుడు లేకుండా మాయమైంది.

నేలంతా మోకాళ్ల మీద పాకినా దొరకలేదు. మిగిలింది ఫ్రిజ్ వెనకే. లామార్ ఫ్రిజ్‌ను ముందుకు లాగాడు. వెనక దాని మంచుగడ్డల పెట్టెకు వచ్చే నీళ్ల గొట్టం ఉందని అతనికి తెలుసు. దాన్ని పది నిమిషాల్లో బిగించింది అతనే.

నేలమాళిగలో బట్టలు ఉతుకుతున్న వెర్నా నెత్తిన నీళ్లు పడ్డాయి. ఆమె పైకొచ్చేసరికి వంటిల్లంతా చీలమండల లోతు నీళ్లు, మధ్యలో లామార్.

"పిండెక్కడ వత్తను?" అని మాత్రం అడిగింది.

అరిస్తే బాగుండేదని లామార్‌కు అనిపించింది. నీళ్లు కట్టేసి, తుడిచి, పిండేసేసరికి పదకొండయింది. రేపటి క్లబ్బు భోజనానికి వెర్నా పొద్దున్నే క్యారెట్ తురుము వేసి కలిపిన ఆకుపచ్చ జెల్లో, చల్లబడితే గడ్డకట్టే తీపి వంటకం, గిన్నెలో ఇంకా గట్టు మీదే ఉంది. నేల తుడవడానికి ఫ్రిజ్‌ను వరండాలోకి నెట్టేయడంతో ఆమె గిన్నెను కూడా వరండాలో చలికి పెట్టి, మీద మూత వేసి ఇటుక ఎక్కించింది.

పిస్తోలు మూత మాత్రం దొరకలేదు. అప్పుడు లామార్ చూపు కుక్క మీద పడింది. ఆ కుక్క పేరు పికిల్స్. నేల మీద పడింది ఏదైనా తిని, ఆ తర్వాత అదేమిటా అని ఆలోచించే రకం. మూత పోయిన దగ్గర్నుంచీ అది అదోలా చూస్తోందని లామార్ అన్నాడు. అది పుట్టినప్పటి నుంచీ అలాగే చూస్తోందని వెర్నా అంది. అయినా ఇరవై మైళ్లు పోయి పశువుల డాక్టరు చేత ఎక్స్‌రే తీయించాడు. కడుపులో లోహపు వస్తువు ఉంది. లామార్ గుండె ఎగిరింది. తీరా చూస్తే అది వెర్నా కోటుకు ఉండాల్సిన ఇత్తడి గుండీ. ఆ గుండీ పోయిందనే ఆమె కిందటి వసంతంలో బట్టలు ఉతికే దుకాణంవాళ్లతో పోట్లాడి, ఇప్పటికీ వాళ్ల గుమ్మం తొక్కడం లేదు.

సాయంత్రం నాలుగింటికి ఇంకో దారి లేకపోయింది. లోయ మొత్తంలో అలాంటి ఇంకో పిస్తోలు, దాని విడిభాగాలు ఉన్నది ఒక్కడి దగ్గరే. లామార్ టోపీ చేతిలో పట్టుకుని హార్లన్ గుమ్మం ముందు నిలబడ్డాడు. వెటకారం చేస్తాడని సిద్ధపడే వెళ్లాడు. హార్లన్ వెటకారం చేయలేదు. నవ్వుతూ కాఫీ పోశాడు, మూత వెతికిచ్చాడు, ఎక్కడ నున్నగా చేయాలో కూడా సలహా చెప్పాడు. లామార్‌కు కాస్త అనుమానం రావాల్సింది. అతనికి కృతజ్ఞత వచ్చింది.

గుమ్మం దాకా వచ్చి హార్లన్ అడిగాడు. "నాన్న డబ్బాలో ఎర్ర చుక్క పెట్టిన తూటాల మ్యాగజైన్ ఉంటుంది చూడు, ఉందా బావా?"

"ఉంది. పోటీకి అదే వాడతాను."

"వాడు, వాడు. నాన్న దాన్ని ఎప్పుడూ వేరుగా ఉంచేవాడు."

ఎల్‌వుడ్ తన పొగాకు డబ్బాలో తూటాలు పేర్చి పిస్తోలు పిడిలోకి దూర్చే మ్యాగజైన్లు మూడు వదిలి వెళ్లాడు. రెండు మామూలివి. మూడోదానికి అడుగున ఎర్ర చుక్క పెట్టి, మెత్తటి గుడ్డలో చుట్టి ఉంచాడు. మా క్లబ్బులో మ్యాగజైనుకు గుర్తు పెట్టుకోనివాడు లేడు. అంత శ్రద్ధగా చుట్టి పెట్టింది మేలైనదే అయి ఉండాలని లామార్ మొదటిరోజే తేల్చుకున్నాడు. పెరట్లో మామూలివి వాడి, ఎర్ర చుక్కదాన్ని అరగకుండా పోటీ రోజు కోసం దాచుకునేవాడు.

ఆ రాత్రి పిస్తోలుకు గరుకు కాగితం, నూనె, మెరుగు పెట్టే ముద్ద, కొత్త స్ప్రింగు అన్నీ పడ్డాయి. వంట లేకపోవడంతో ఇద్దరూ రొట్టె, చీజు తిని పడుకున్నారు.

శనివారం పొద్దున వెర్నా కోటు తొడుక్కుని ముందుగా బండెక్కి కూర్చుంది. పదకొండేళ్లుగా ఆమె ఈ పోటీకి రాలేదు. నువ్వు చూస్తుంటే నా చేతులు వణుకుతాయని లామార్ మొదటి ఏడాదే చెప్పాడు.

"ఇవాళ ఎందుకొస్తున్నావు?" అన్నాడు.

"ఇంట్లో ఉండటానికి వంటిల్లుందా? పైగా పందెం కాసింది మా నాన్న పిస్తోలు. నన్నెవరూ అడగలేదు కూడా." ఒళ్లో జెల్లో గిన్నె సర్దుకుంది.

లామార్ వంతు పదిన్నరకు వచ్చింది. ఒకటో పళ్లెం పడింది. రెండోది పడింది. మూడోది టంగుమని వెల్లకిలా పడింది. నాలుగో తూటా సగం లోపలికి దూరి, ముక్కు పైకెత్తి, పదకొండేళ్లుగా నిలబడ్డట్టే నిలబడింది.

క్లబ్బు జనం టోపీలు సర్దుకుంటూ వేరే వైపు చూశారు. లామార్ పిస్తోలు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది. హార్లన్ మెల్లగా దగ్గరికి వచ్చి, మర్యాదగా చెయ్యి చాచాడు.

వెర్నా ఆ చేతిని దాటుకుని వెళ్లి బల్ల మీది మ్యాగజైన్ తీసి తిరగేసి చూసింది.

"లామార్, నువ్వు దీంతో కాలుస్తున్నావా?"

"మీ నాన్న దాచుకున్న మంచిది అదే కదా."

"ఇది నా గోళ్ల రంగు. చెడిపోయిన దానికి గుర్తు పెట్టుకుంటానని నాన్న నన్నడిగి తీసుకున్నాడు, పొరపాటున వాడకుండా."

"చెడిపోతే పారేయక గుడ్డలో ఎందుకు చుట్టాడు?" లామార్ గొంతు లేచింది.

"మా నాన్న ఏదైనా పారేయడం నువ్వు చూశావా?"

లామార్ చూడలేదు. ముసలాయన విరిగిన చెంచాలు కూడా గుడ్డలో చుట్టేవాడు. పదకొండేళ్ల నుంచి ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగాడు. ఇంట్లో ఉండమన్నది తనే. వెర్నా పోటీ నడిపే పెద్దాయన అనుమతి తీసుకుని, మామూలు మ్యాగజైన్‌లో ఆరు తూటాలు నింపి, కోటు గుండీ కూడా విప్పకుండా నిలబడి, ఆరు పళ్లేలూ వరసగా పడగొట్టింది. తండ్రి ఆమెకు కూడా నేర్పాడని చాలామంది మరిచిపోయారు.

తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "నీకు తెలుసు కదూ?"

హార్లన్ తన బూటు కొనను చాలా శ్రద్ధగా పరిశీలించాడు. "పందెం పందెమే అక్కా" అన్నాడు చివరికి. "ఆగింది నాకివ్వాలి."

"న్యాయమే. ఆగింది ఇదిగో." ఎర్ర చుక్క మ్యాగజైన్ తమ్ముడి చాచిన చేతిలో పెట్టి వేళ్లు మూసింది. "నాన్న గుర్తుగా ఉంచుకో."

భోజనాల దగ్గర లామార్ సంతోషించాలో, పదకొండేళ్లకు ఏడవాలో తేల్చుకోలేకపోయాడు. ఎదురుగా కూర్చున్న హార్లన్ జెల్లో నోట్లో పెట్టుకుని నమిలాడు. కటుక్కుమంది. దవడ పట్టుకుని, క్యారెట్ తురుములోంచి ఒక చిన్న ఉక్కు మూత తీసి కంచం అంచున పెట్టాడు.

"ఇది కూడా నాకేనా?" అన్నాడు.

ఇంటికి వచ్చాక లామార్ నీళ్ల గొట్టం పది నిమిషాల్లో బిగిస్తానని లేచాడు. షెడ్డుకు వెళ్లి చూస్తే, అతని పనిముట్ల పెట్టె మీద తడి ఇంకా ఆరని ఎర్ర చుక్క ఒకటి ఉంది.