సైరన్‌కు ముందు హెచ్చరిక

మా ఏటిగట్టు కాలనీకి వరద హెచ్చరిక సైరన్ మంజూరైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అంతకుముందు మంచం కింది చెప్పులు తేలితే గాని వరద వచ్చినట్టు మాకు తెలిసేది కాదు. విజయవాడలాంటి నగరంలో ఉండి ఇంత వెనకబాటు తగదని పెద్దలు గ్రహించారు.

ప్రారంభోత్సవానికి విచ్చేసిన నాయకుడుగారు శాలువా సర్దుకుని, "ఇకమీదట ఈ కాలనీలోకి వరద చెప్పకుండా రాదు!" అని ప్రకటించారు. వరద తరఫున ఆయన మాటిచ్చినట్టే భావించి చప్పట్లు కొట్టాం.

మీట నొక్కగానే సైరన్ అద్భుతంగా మోగింది. దాని లోపం అదే.

కాలనీ సంఘం అధ్యక్షుడు మల్లేశ్వరరావుగారికి వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్టుంది. ఇంటి కింది వాటాలో, కాలు విరిగి మంచం పట్టిన తల్లి రాఘవమ్మగారున్నారు. ఆయన సైరన్ చూసుకునే వార్డు ఉద్యోగి జాన్‌బాబును పిలిపించారు.

"ఏవండీ, ఇదేం గోలండీ? మా అమ్మకి గుండె దడ పుట్టింది. మోగించే ముందు ఓ మాట చెప్పొద్దూ?"

"హెచ్చరించడానికే కదండీ మోగించేది..."

"ఆ హెచ్చరికేదో ముందు గ్రూపులో పెట్టండి. నేను ఓకే అన్నాక మోగించండి."

ఆ విధంగా హెచ్చరికకు ముందు హెచ్చరిక అనే పద్ధతి మా కాలనీలో అమల్లోకి వచ్చింది.

ఆ వానాకాలం మైలవరం వైపు కొండల్లో కుంభవృష్టి కురిసింది. వాగు పొంగి మావైపు బయల్దేరింది. జాన్‌బాబు నిబంధన ప్రకారం వాట్సాప్ గ్రూపులో, "వరద వస్తోంది. సైరన్ మోగించమంటారా?" అని పెట్టాడు. ఒకరు గులాబీతో శుభోదయం చెప్పారు. మరొకరు "టెస్టింగా, నిజమా?" అని అడిగారు. అధ్యక్షులవారు పెళ్లి చీరల బేరంలో ఉండి ఫోన్ ఎత్తలేదు. వీధి మలుపులో ఎర్రనీళ్లు కనిపించేసరికి జాన్‌బాబు సైరన్ దగ్గరికి పరుగెత్తాడు. ఉద్యోగం పోతే పోయిందనుకుని మీట నొక్కేశాడు.

జనమంతా క్షణంలో బయటికొచ్చారు, అతన్ని తిట్టడానికి. పాదాలు తడిశాక తిట్లు మధ్యలో ఆపి మేడలెక్కారు.

మల్లేశ్వరరావుగారి పై వాటాలో అద్దెకుండే తెరేసమ్మ మాత్రం కిందికి పరుగెత్తింది. "జాన్‌బాబూ, ఇటు రావయ్యా! పెద్దావిడ మంచంలో ఉండిపోయారు!" ఇద్దరూ రాఘవమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లెక్కిస్తుంటే, ఆవిడ మంచం తేలుతూ గుమ్మం దాకా వచ్చింది.

సాయంత్రానికి ఛాతీలోతు నీళ్లలో పడి ఇల్లు చేరిన మల్లేశ్వరరావుగారు, ఖాళీ గది చూసి "అమ్మా!" అని అరిచారు. ఆ అరుపు సైరన్ కంటే గట్టిగా వినిపించినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పైకెళ్లి చూస్తే తల్లి పప్పన్నం తింటోంది. ఆయన తెరేసమ్మ చేతులు పట్టుకుని ఏడ్చేశారు. నిజమైన ఏడుపే, మేం చూశాం.

నీళ్లు తీశాక, ఆ పై వాటా వరండాలోనే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అనుమతి లేకుండా సైరన్ మోగించిన జాన్‌బాబును బదిలీ చేయించాలని అధ్యక్షులవారే తీర్మానం పెట్టారు.

"అతను మోగించబట్టే కదరా నేనున్నాను!" అన్నారు రాఘవమ్మగారు.

"నువ్వు దక్కావు కాబట్టే కదమ్మా, రూల్సు మాట్లాడుకునే తీరిక దొరికింది!" అన్నారాయన, కళ్లు తుడుచుకుంటూ.

తెరేసమ్మ ఏదో అనబోయింది. అద్దెకున్నవాళ్లకు ఓటు లేదని ఆమెకు మర్యాదగా గుర్తు చేశాం. మేడల మీదివాళ్లమంతా చేతులెత్తాం. మిగతా కింది వాటాలవాళ్లు ఇళ్లలో బురద ఎత్తిపోసుకుంటూ రాలేకపోయారు కాబట్టి, తీర్మానం ఏకగ్రీవమైంది.