గేమా, పాటలా, డ్రమ్మా?

డిసెంబరు పదహారో తేదీ పొద్దున క్రిస్పులో పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, తెబాన్ తాతకు గడ్డం గీయడం. రెండోది, ఒక పిల్లాడికి చిన్న మెసేజి పంపడం. రెండింట్లో గడ్డమే కష్టమనుకున్నాడు, ఎందుకంటే తెబాన్ తాత గీస్తున్నంతసేపూ నోరు కదుపుతూనే ఉంటాడు.

సాన్ పాబ్లో ఊళ్లో మార్కెట్టు వెనక సందులో ఉంది క్రిస్పులో సెలూను. ఒక కుర్చీ, ఒక అద్దం, ఒకే ఒక్క రకం కటింగు. సైన్యంలో ఉన్న రెండేళ్లలో నేర్చుకున్నది అదే. చెవుల పైన ఏమీ మిగలదు, నడినెత్తిన కాస్త గరిక మిగులుతుంది. ఎలా కొట్టమంటారని అతను ఎవరినీ అడగడు, అడిగించుకోవాలన్న ఆశ కూడా కుర్చీ ఎక్కినవాళ్లకు ఉండదు.

చేతిలో కత్తి ఉన్నా మనిషి మాత్రం వెన్న. ఎవరికీ ఏదీ కాదనలేడు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు కనుక, ఎవరింట్లో బిడ్డ పుట్టినా తండ్రి నేరుగా సెలూనుకొచ్చి, "పారే, మా బుడ్డోడికి నువ్వే నినోంగ్‌గా నిలబడాల్రా" అనేవాడు. నినోంగ్ అంటే జ్ఞానతండ్రి. బాప్తిస్మం నాడు కొవ్వొత్తి పట్టుకుని నిలబడితే సరిపోదు, ఆ బిడ్డ ఏటేటా క్రిస్మస్ పొద్దున ఇంటికొచ్చి చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంటే కానుక ఇచ్చి పంపాలి. కాదంటే బిడ్డకు అరిష్టం. మొహమాటానికి పోతే కడుపైందని సామెత. క్రిస్పులోకి మొహమాటానికి ముప్ఫైనలుగురు పిల్లలయ్యారు.

అందుకని క్రిస్మస్ పొద్దున అతను దాక్కునేవాడు. ఇందులో వింతేమీ లేదు, ఆ రోజు ఊళ్లో సగంమంది నినోంగులు మంచాల కిందే ఉంటారు. కిందటేడు మాత్రం మంచం మరీ పాతబడిన ఉపాయమని, పెరట్లో ఖాళీగా ఉన్న నీళ్ల డ్రమ్ములోకి దిగి మూత పెట్టుకున్నాడు. కాసేపటికి ఎవరో మూత తీశారు. పైన జెర్విన్ ముఖం. చిన్ననాటి స్నేహితుడు ఆంబో కొడుకు, పదకొండేళ్లవాడు.

"ఫర్లేదు నినోంగ్, నేను మిమ్మల్ని చూళ్ళేదు" అన్నాడు వాడు. మూత మళ్లీ పెట్టేశాడు. పెట్టేటప్పుడు గాలాడేందుకు కాస్త సందు వదిలాడు.

ఆ సందే క్రిస్పులోని ఏడాది పొడుగునా తినేసింది. పిల్లాడు తిట్టినా బాగుండేది, ఏడ్చినా బాగుండేది. ఆ రోజు నుంచీ ఆంబో ఇంటివైపు వెళ్లడానికి అతనికి మొహం చెల్లలేదు. మిగతా ముప్ఫైముగ్గురి సంగతి దేవుడు చూసుకుంటాడు గానీ, ఈ ఒక్కడికీ ఈ ఏడు ఎదురుగా నిలబడి, తన చేత్తో, మంచిదేదైనా ఇవ్వాలి. లేకపోతే తానసలు మనిషే కాదు. అలా అని చెల్లెలు లిగాయాతో చెప్పుకున్నాడు. ఆమె హాంకాంగ్‌లో ఒకరింట్లో పని చేస్తోంది, పండక్కి వస్తోంది.

"ఒక్కటే తెస్తానన్నయ్యా" అంది లిగాయా ఆ పొద్దున ఫోనులో. "చేత్తో పట్టుకుని ఆడుకునే వీడియో గేమా, పాటలు వినే ఎంపీత్రీయా? ఇవాళొక్కరోజే నాకు సెలవు, మధ్యాహ్నం షాపుకెళ్తున్నా. ఈలోగా మెసేజి పెట్టు. పెట్టకపోతే నా ఇష్టం."

తెబాన్ తాత ముఖానికి నురగ పట్టించి, అది నానేలోగా క్రిస్పులో ఫోను తీశాడు. అందులో జ్ఞానపిల్లల నంబర్లన్నీ 'ఎత్తొద్దు' అన్న ఒకే గుంపులో ఉన్నాయి. ఆ గుంపులో ఎవరు ఫోను చేసినా, మెసేజి పెట్టినా కోడి కూసేలా ఫోన్ల షాపు అమ్మాయి చేత పెట్టించుకున్నాడు. కూత వినిపిస్తే ఎత్తకూడదన్నమాట. కళ్లజోడు వంటింట్లో ఉంది. ఫోనును చేయి బారెడు దూరం పెట్టి, 'ఎత్తొద్దు' తెరిచి, అందులో జెర్విన్ ఉండాల్సిన చోట నొక్కి, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాశాడు: "మీ నినోంగ్ క్రిస్పులో. ఈ క్రిస్మస్‌కి నీకు కానుక. వీడియో గేమా, ఎంపీత్రీయా? మధ్యాహ్నంలోగా చెప్పు."

పంపమని నొక్కాడు. తెర మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు నడిచాయి. అక్షరాలు ఒక్కొక్కటే వెళ్తున్నాయి కాబోలనుకున్నాడు. ముప్ఫైనాలుగు దగ్గర ఆగింది.

"పెద్ద మెసేజే" అన్నాడు తృప్తిగా.

మంగలికత్తి తీసి తాత పైపెదవి మీద ఆనించాడో లేదో, కోడి కూసింది. ఆ కూత ఆగకుండానే ఇంకోటి, దాని తోక పట్టుకుని మరోటి. సెలూను కాస్తా కోళ్ల ఫారమైంది. కత్తి పక్కకి జారింది.

"ఒరే, నా మీసం!" అన్నాడు తెబాన్ తాత.

"సగమే తాతా."

"ఏ సగం రా? ఉన్న సగమా, పోయిన సగమా?"

క్రిస్పులో పెళ్లాం పాసింగ్ వంటింట్లోంచి కళ్లజోడు పెట్టుకుని వచ్చింది. ఫోను లాక్కుని చదవడం మొదలుపెట్టింది. "'గేమ్ నినోంగ్, నల్లది కాదు, తెల్లది.' 'ఎంపీత్రీ. తమ్ముడు కూడా అడుగుతున్నాడు.' 'మీరెవరండీ?' 'నినోంగ్, నాకు పెళ్లయిపోయింది. ఇద్దరు పిల్లలు. అయినా గేమే.' ఏమయ్యా, లాటరీ ఏమన్నా తగిలిందా నీకు?"

"జెర్విన్‌కి ఒక్కడికే పంపానే!"

"గుంపుకి పంపావు. మొత్తం ముప్ఫైనలుగురికీ."

క్రిస్పులో ఫోను లాక్కుని, పొరపాటైందని అందరికీ రాయబోయాడు. బాలెన్సు లేదంది ఫోను. ఉన్నదంతా ముప్ఫైనాలుగు మెసేజిలు మింగేశాయి. అప్పు తెచ్చి వేయించుకునేలోగా కోడి కూతలు ఆగిపోయాయి, ఎందుకంటే ఫోనులో ఇంక చోటు లేదు, కొత్త మెసేజి రాదు, పోదు. ఏం చెరపాలో, ఎలా చెరపాలో తెలిసిన ఫోన్ల షాపు అమ్మాయి పండక్కి ఊరెళ్లింది. ఈ హడావిడిలో లిగాయా మాట మరిచేపోయాడు. జెర్విన్ ఏమన్నాడో ఆ కూతల్లో లేదు.

సాయంత్రానికి మొదటి కుంపారె వచ్చాడు. కుంపారె అంటే జ్ఞానబిడ్డ కన్నతండ్రి; అతనూ నినోంగూ ఒకరినొకరు 'పారే' అని పిలుచుకుంటారు. పేరు డోమెంగ్, జీపు డ్రైవరు. చంకలో అంతెత్తు హాము, పండక్కని ఉప్పులో ఊరేసిన పందిమాంసం.

"పారే" అన్నాడు డోమెంగ్, కళ్లు తుడుచుకుంటూ. "నిన్ను నేను ఎన్నేళ్లుగా పిసినారి ముండాకొడుకు అన్నాను రా. ఎక్కడబడితే అక్కడ అన్నాను. ఇవాళ ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నా."

"డోమెంగ్, అసలు విషయం ఏంటంటే..."

"చెప్పకు! మంచితనాన్ని నోటితో చెప్పుకుంటే పాడైపోతుంది. ఈ హాము పట్టు."

క్రిస్పులో పట్టాడు. కాదనడం రాదు కదా. మర్నాడు ఎర్ర మైనం పూసిన గుండ్రటి చీజు వచ్చింది. ఆ పై రోజు కొబ్బరిపాల బిబింకా రొట్టెలు నాలుగు బుట్టలు, కాల్చిన పందితొడ, ఒక బ్రతికున్న కోడి. వచ్చిన ప్రతివాడికీ నిజం చెబుదామని నోరు తెరిచాడు, ప్రతివాడూ ఆ నోట్లో ఏదో ఒకటి పెట్టి పోయాడు.

ఊళ్లో రెండు పార్టీలు తయారయ్యాయి. గేమ్‌తో కళ్లు పోతాయని ఒకరు, పాటలతో చెవులు పోతాయని ఇంకొకరు. ఎంపీత్రీ అడిగిన పిల్ల తల్లి, గేమ్ అడిగిన పిల్లాడి తల్లి మార్కెట్టులో చేపల దగ్గర జుట్లు పట్టుకున్నారు, రెంటిలో ఏది ఖరీదైనదో తేలక. ఇది చాలదన్నట్టు, తెల్లవారుజాము పూజలో ఫాదర్ గారు ప్రసంగం ఆపి, "మన మధ్యే ఒక సామాన్యుడున్నాడు. ముప్ఫైనలుగురు బిడ్డల్ని కన్నతండ్రిలా తలుచుకున్నాడు" అన్నారు. గుడి మొత్తం వెనక్కి తిరిగింది. సగం మీసంతో తెబాన్ తాత ఒక్కడే, "తలుచుకోవడమేనా, ఇచ్చేదుందా?" అని పైకే అన్నాడు.

"నిజం చెప్పెయ్యవయ్యా" అంది పాసింగ్ ఆ పూట, హాముల మధ్యలోంచి బియ్యం డబ్బా వెతుక్కుంటూ.

"చెబుతా. చెల్లెలు రానీ. ఆ ఒక్కటీ చేతికొస్తే జెర్విన్‌కి ఇచ్చేసి, అప్పుడు మిగతావాళ్ల కాళ్ల మీద పడతా."

ఇరవైమూడున లిగాయా దిగింది. పెట్టె విప్పింది. లోపల్నుంచి తళతళలాడే కరెంటు కటింగ్ మిషను బయటికొచ్చింది.

"ఇదేంటే?" అన్నాడు క్రిస్పులో.

"నువ్వు మెసేజి పెట్టలేదుగా. గేమా, పాటలా అని షాపులో గంటసేపు నిలబడ్డా. ఆ రెండూ ఎవరికి పనికొస్తాయిలే, అన్నయ్యకి పనికొచ్చేది కొందామని ఇది తెచ్చా. చూడు, జుట్టు పొడుగు మార్చుకునేందుకు పళ్ల చట్రాలు కూడా నాలుగు ఇచ్చారు."

క్రిస్పులో ఆ మిషను వంక చూస్తూ మంచం మీద కూలబడ్డాడు. ముప్ఫైముగ్గురు తన్నినా తట్టుకోగలడు. ఆ పిల్లాడికి రెండో ఏడు కూడా ఉత్తచేతులతో పంపాలంటే మాత్రం ప్రాణం ఒప్పలేదు.

క్రిస్మస్ పొద్దున, పూజ అయిన పది నిమిషాలకల్లా సందు నిండిపోయింది. వెనక కుంపారెలు, వాళ్ల పెళ్లాలు, ముందు పిల్లలు. ఆ ఏడు పిల్లకాయల ఫ్యాషను ఒంటి కన్ను మూసేసే జుట్టు. నుదుటి మీద నుంచి గడ్డం దాకా వేలాడేసుకుని, మిగిలిన ఒంటి కన్నుతో గుమ్మం వైపు చూస్తున్నారు. పాసింగ్ బయటికి తొంగిచూసి వెనక్కి తిరిగేసరికి మొగుడు లేడు.

పెరట్లో డ్రమ్ము మూత లేచింది.

"నినోంగ్" అన్నాడు జెర్విన్, లోపలికి వంగి. "ఇది పోయినేటి చోటు. మీరిక్కడుంటారని బయట అందరికీ తెలుసు. ఎవరు ముందు తీయాలా అని వంతు తేలక ఆగారంతే."

క్రిస్పులో మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఉన్నాడు. "బాబూ, నీకోసమే తెప్పిద్దామనుకున్నాను రా. ఒట్టు. నీ ఒక్కడి కోసమే. అది కాస్తా ఊరంతటికీ పోయింది."

"నా మెసేజి చూళ్ళేదా మీరు? అవేం వద్దన్నా కదా! దుబాయ్ నుంచి అమ్మ రెండూ పంపింది." వాడు రెండు జేబుల్లోంచీ రెండూ తీసి చూపించాడు, ఒక చేతిలో గేము, ఇంకో చేతిలో ఎంపీత్రీ.

వారం రోజులుగా ఊళ్లో జుట్లు పట్టుకుంటున్న రెండు వస్తువులనూ క్రిస్పులో అప్పుడే మొదటిసారి చూడడం. "మరి నీకేం కావాల్రా?" అన్నాడు.

జెర్విన్ రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. "మా క్లాసులో అందరికీ వాళ్ల నినోంగులు తెలుసు. నాకున్నాడంటే నమ్మట్లేదు. ఒక్కసారి వాళ్ల ముందు బయట కనపడండి చాలు." డ్రమ్ములోకి చెయ్యి పెట్టి, క్రిస్పులో చెయ్యి అందుకుని, నుదుటికి ఆనించుకున్నాడు.

క్రిస్పులోకి ఏడుపొచ్చింది. లేచి నిలబడబోయాడు. డ్రమ్ము ఒరిగింది, పడింది, అతనితో సహా పెరటి వాలు మీదుగా దొర్లుకుంటూ పోయి, సరిగ్గా సందు మధ్యన, డోమెంగ్ కాళ్ల దగ్గర ఆగింది. క్రిస్పులో పాక్కుంటూ బయటికొచ్చి, జెర్విన్ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"వీడు నా జ్ఞానకొడుకు" అన్నాడు గట్టిగా. "మీరంతా కూడాను. కానీ నా దగ్గర గేముల్లేవు, పాటల్లేవు. నంబరు తప్పు నొక్కాను. నన్ను క్షమించండి."

డోమెంగ్ అడిగాడు. "మరి మా హాము?"

"ఉంది. అన్నీ ఉన్నాయి. అందరం కూర్చుని తిందాం." క్రిస్పులోకి ఆ క్షణాన ఉత్తచేతులతో నిలబడడం మహా అవమానంగా తోచింది. ఇంట్లోకి పరిగెత్తి, చేతికందింది పట్టుకొచ్చి పైకెత్తాడు. మిషను ఎండలో మెరిసింది. "నా చేతనైంది ఇదొక్కటే. ఇవాళ ముప్ఫైనలుగురికీ ఉచితంగా కటింగు! ఇవాళే కాదు, ప్రతి క్రిస్మస్‌కీ. నేను బతికున్నన్నాళ్లు!"

ముప్ఫైమూడు ఒంటికళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి. అందరికీ తెలుసు, అతనికొచ్చిన కటింగు ఒకటే. ముందు 'మీరెవరండీ' పిల్లాడు మెల్లగా వెనక్కి అడుగేశాడు. ఆ తర్వాత చెప్పులూడినా ఎవరూ ఆగలేదు.

తల్లిదండ్రులకు మాత్రం పూనకం వచ్చింది. ఏడాదిగా ఆ జుట్టు కత్తిరించుకోమని మొత్తుకుంటున్నవాళ్లు మరి. "పట్టుకోండ్రా!" అని అరిచాడు డోమెంగ్, కొడుకు వెంటపడుతూ. "పారే, గేమేం చేసుకుంటాం, దేవుడివి రా నువ్వు! మిషను ఆపకు!" చేపల దగ్గర జుట్లు పట్టుకున్న తల్లులిద్దరూ కలిసికట్టుగా చెరో మూల కాపలా కాశారు.

అందరూ అటు పరిగెత్తితే, జెర్విన్ ఒక్కడే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. క్రిస్పులో బట్ట కప్పి, మెడ దగ్గర ముడి వేశాడు. పిల్లాడు బట్ట కిందనుంచి రెండు చేతులూ బయటికి తీశాడు.

"నినోంగ్, గేమా, పాటలా?"

క్రిస్పులో జీవితంలో మొదటిసారి కుర్చీలో ఉన్నవాడి ఇష్టం గురించి ఆలోచించాడు. "గేమ్ ఆడుకో బాబూ. తల వంచుతావు, మెడ వెనక నాకు వీలుగా ఉంటుంది." మిషను మెడకు ఆనించి, "అద్దంలోకి కూడా చూడవు" అన్నాడు.

తర్వాతి క్రిస్మస్ పొద్దున క్రిస్పులో ఎక్కడా దాక్కోలేదు. తలుపులన్నీ బార్లా తెరిచి, మిషను చేత పట్టుకుని, గుమ్మంలోనే కూర్చున్నాడు. జెర్విన్ తప్ప ఎవరూ రాలేదు. చూసి చూసి తానే వెళ్లి ఏ ఇంటి తలుపు తట్టినా పిల్లలు చుట్టాలింటికెళ్లారనే సమాధానం వచ్చింది.

పెరట్లో డ్రమ్ము మూత మాత్రం గాలాడేట్టు కాస్త సందు వదిలి ఉంది. ఆ సందులోంచి ఒంటి కన్ను ఒకటి బయటికి చూస్తోంది.